ఖాళీగా పెట్టకూడదని

మా బావమరిది పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చునే ముందు చొక్కా కిందికి లాక్కుంటాడు. చొక్కా ఎక్కడికీ పోలేదు, బాగానే ఉంటుంది. దాని కింద నడుముకి పిస్టల్ ఉందని చుట్టూ నాలుగు విస్తళ్ళకి తెలియాలని ఆ లాగుడు. వాడు మా ఆవిడ తమ్ముడు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉంది. నేను ఏలూరులో ఉంటూ పెదపాడు అవతల, కొల్లేటి అంచున చేపల చెరువులు చేస్తాను. సంపాదనలో వాడికి నేనేమీ తీసిపోను. కానీ ఒక పెళ్ళిలో వడ్డించేవాడు వాడి విస్తట్లో రెండోసారి బూరె వేసి నన్ను దాటి వెళ్ళిపోయాడు. అది పిస్టల్ మహిమేనని ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది.

నాకు పిస్టల్ మీద కోరిక అక్కడ పుట్టింది. ప్రాణభయం వల్ల కాదు, బూరె వల్ల. చెప్పుకుంటే నవ్వుతారు. నవ్వి ఊరుకునే సంగతైతే నేనూ హాయిగా నవ్వేవాణ్ణి.

లైసెన్సు కావాలంటే ప్రాణభయం ఉండాలి. నాకా ఎవరితోనూ తగాదా లేదు. చెరువు గట్ల దగ్గర మాటామాటా అనుకోవడం తప్ప నన్ను చంపాలన్నంత కోపం ఎవరికీ లేదు. ఏం రాయాలా అని ఆలోచిస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం దెందులూరు దగ్గర కారు పక్కకి ఆపి ఫోను మాట్లాడుతుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి ఆగారు. ద్వారకా తిరుమలకి దారి అడిగారు. చెప్పాను. దండం పెట్టి వెళ్ళిపోయారు. జరిగింది ఇంతే.

ఇంటికి వెళ్ళాక ఆలస్యం ఎందుకయిందని మా ఆవిడ అడిగింది. ఇద్దరు మనుషులు నా కారుకి అడ్డం పడ్డారని చెప్పాను. ఎందుకు చెప్పానంటే, పిస్టల్ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ వద్దంటోంది. కొంచెం భయపడితే ఒప్పుకుంటుందని నా లెక్క. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్ళేమన్నారని అడిగింది. చెరువుల లెక్కలన్నీ మాకు తెలుసు, ఇల్లెక్కడో కూడా తెలుసు అన్నారని చెప్పాను. ఇల్లు అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు, నోటికి వచ్చేసింది. ఆవిడ ముఖం చూసి అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. లైసెన్సు ఎంక్వయిరీకి వచ్చిన పోలీసులకి చెప్పేటప్పటికి ఆ ఇద్దరి ముఖాలకీ జేబురుమాళ్ళు కూడా కట్టాను. కారులో కూర్చుని దారి చెప్పినవాణ్ణి కాస్తా చావు తప్పించుకొచ్చినవాణ్ణయ్యాను.

లైసెన్సు వచ్చాక ఇక ఏ పిస్టల్ కొనాలన్నది పెద్ద పని అయింది. నేను ఏ వస్తువు కొన్నా అంతే. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు మోటారు కొనడానికి కూడా పది కొట్లు తిరుగుతాను. దీనికి ఎన్ని వీడియోలు చూశానో, ఎంతమందిని విసిగించానో. ఏలూరు బజారులో తుపాకుల కొట్టు నడిపే పెద్దాయన్ని మేమందరం సాయిబుగారు అంటాం. ఆయన ఓపిగ్గా నాలుగు రకాలు బల్ల మీద పరిచి చెప్పేవారు.

పిస్టల్ పనిచేసే తీరు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మ్యాగజైన్ అనే చిన్న పెట్టెలో తూటాలు పేర్చి పిడిలోకి నెడతాం. పైనున్న స్లైడుని వెనక్కి లాగి వదిలితే ఒక తూటా గొట్టం మొదట్లో ఉండే ఛాంబరులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ట్రిగ్గరు నొక్కడమే. అది కాలగానే డొప్ప బయటికి దూకి, తర్వాతి తూటా తనంతట తనే ఎక్కుతుంది. దాని సుఖమూ అదే, దాని ప్రమాదమూ అదే. రివాల్వరయితే చక్రంలో తూటాలు కంటికి కనిపిస్తాయి. దీనికి కడుపులో ఏముందో పైకి తెలియదు. మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటాం, ఛాంబరులో ఒకటి మిగిలే ఉంటుంది.

ఇక్కడే నాకూ మా బావమరిదికీ వాదన. వాడికి నమ్మకం ముఖ్యం, అంటే అవసరమైన క్షణంలో పేలాలి. తూటా ఇరుక్కోకూడదు, స్లైడు బిగుసుకోకూడదు. అందుకని వాడు ఛాంబరులో ఎప్పుడూ ఒకటి ఎక్కించే ఉంచుకుంటాడు. దొంగ ఎదురుగా నిలబడితే కాసేపు ఆగవయ్యా, స్లైడు లాగాలి అంటే ఆగుతాడా బావగారూ అని వాడి ప్రశ్న. నాకేమో అవసరం లేనప్పుడు పేలకపోవడం ముఖ్యం. ఎందుకంటే నాకు అవసరం అనేది రాదని నాకు తెలుసు. కింద పడితే పేలే రకమా, సేఫ్టీ మీట ట్రిగ్గరుని మాత్రమే పట్టుకుంటుందా లోపలి సుత్తినీ పట్టుకుంటుందా, మ్యాగజైన్ బయట ఉన్నప్పుడు ట్రిగ్గరు పనిచేస్తుందా, కొల్లేటి గాలి తేమకి ఎన్నాళ్ళలో తుప్పు పడుతుంది, ఇవన్నీ అడిగి అడిగి సాయిబుగారి ప్రాణం తీశాను.

అన్నీ చెప్పి ఆయన ఒకటి అడిగారు, ఇంట్లో ఎవరెవరుంటారని. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, ఉండేది నేనూ మా ఆవిడే అన్నాను. మీ ఆవిడగారికి కూడా ఒకసారి చూపించండి, ముట్టుకోవడానికి కాదు, ముట్టుకోకుండా ఉండటానికి అన్నారు. ఆవిడ దాని జోలికే రాదండీ అని కొట్టిపారేశాను. ఇంట్లో మిక్సీ పాడైతే నేను బాగుచేసేవాణ్ణి పిలవబోతాను, ఆవిడ ఈలోగా విప్పి బిగించేస్తుంది. అలాంటి మనిషి గురించి నేను అన్న మాట అది.

చివరికి ముప్పైరెండు బోరులో ఒకటి కొన్నాను. మా ఆవిడ ఒక్క షరతు పెట్టింది, నిండుగా ఉన్నదాన్ని ఇంట్లో ఉంచకూడదని. దానికేముంది, తూటాలు ఒక డబ్బాలో, పిస్టల్ వేరేగా, రెండూ బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాను. వేశాను కూడా. తాళం పడింది కదా అని నిశ్చింతగా ఉన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ బీరువా తాళాలు ఆవిడ బొడ్లోనే ఉంటాయి. నగల కోసమైనా, కాగితాల కోసమైనా నేను ఆవిణ్ణే అడిగి తీయించుకుంటాను. అన్ని రకాల సేఫ్టీల గురించీ చదివినవాణ్ణి, ఈ తాళం ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

చెరువు మీదికి దాన్ని రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండోసారి గట్టు దిగుతుంటే కాలు జారి, పిస్టల్ నడుం నుంచి జారి బురదలో పడబోయింది. చేపలు పట్టేవాళ్ళు చూసి నవ్వు ఆపుకున్నారు. అప్పటినుంచి ఇంట్లోనే వదిలేయడం మొదలుపెట్టాను. పిస్టల్ లేకుండా వెళుతున్నారేంటని మా ఆవిడ అడిగింది. కాలు జారిన సంగతి చెప్పలేక ఇంకో అబద్ధం ఆడాను. వాళ్ళకి మన ఇల్లు తెలుసు కదా, వస్తే ఇంటికే వస్తారు, అది ఇక్కడ ఉండటమే మంచిది అన్నాను. ఆవిడ సరేనండీ అంది. అంతటితో నేను ఆ మాట మర్చిపోయాను.

మా చేపల పట్టుబడులు తెల్లవారుజామున ఉంటాయి. బొచ్చెలు, శీలావతులు బయటికి తీసి, ఐసు వేసి లారీ ఎక్కించాలంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి చెరువు మీద పడుకోవాలి. ఆ రోజుల్లో ఆవిడ ఇంట్లో ఒక్కతే. ఆదివారాలు నేను హాల్లో పేపరు పరిచి పిస్టల్ తుడుచుకుంటుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూస్తుండేది. అది లాగితే ఏమవుతుందండీ, ఇది ఎటు తిప్పాలండీ అని అడిగేది. నీకెందుకు ఇవన్నీ అనేవాణ్ణి. అంటూనే అన్నీ ఆవిడ కళ్ళముందే చేసేవాణ్ణి.

పోయిన దసరాకి ఆయుధపూజలో పిస్టల్ని కూడా పెట్టాను. మా ఇంట్లో ఆ పూజ ఘనంగానే ఉంటుంది. కారుకి, చెరువు మీది కాటాకి, కత్తిపీటకి, ఆవిడ కుట్టుమిషనుకి, అన్నిటికీ పసుపూ కుంకుమా పువ్వూ పెడతాం. దేవుడి గది ముందు పీట వేసి, జాకెట్టుగుడ్డ పరిచి, దాని మీద పిస్టల్ని ఉంచాను. ఉంచే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి, ఛాంబరు ఖాళీగా ఉందని చూసుకుని, ఖాళీ మ్యాగజైన్ని విడిగా పక్కన పెట్టాను. బొట్లు పెట్టడం ఆవిడ పని కాబట్టి నేను కారుకి నిమ్మకాయలు కట్టడానికి కిందికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనానికి మా బావమరిదీ, వాడి భార్యా వచ్చారు. వాడి కళ్ళు నేరుగా పీట మీదికే వెళ్ళాయి. తీసుకోనా అని అడిగాడు. ఖాళీదేలే తీసుకో అన్నాను. వాడు స్లైడు లాగి వదిలి, మీదాని లాగుడు మెత్తగా ఉందే బావగారూ అని మెచ్చుకున్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. వాడు ఒక కన్ను మూసి, వంటింటి గుమ్మం పక్కన గోడకున్న క్యాలెండరుకి గురిపెట్టాడు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ పరవాన్నం గిన్నె పట్టుకుని ఆ గుమ్మంలోకి వచ్చింది.

నేను ఎందుకో పీట వైపు చూశాను. మ్యాగజైన్ పెట్టిన చోట లేదు.

"వేలు తియ్యి," అన్నాను. వాడు నవ్వుతూ ఖాళీదేగా అన్నాడు. నేను లేచి వాడి మణికట్టు పట్టుకుని కిందికి దించి, పిస్టల్ లాక్కున్నాను. మ్యాగజైన్ పిడిలో ఉంది. బయటికి లాగి చూస్తే అందులో ఏమీ లేదు. ప్రాణం కుదుటపడింది. అయినా అలవాటుకొద్దీ స్లైడు లాగాను. తూటా ఒకటి బయటికి దూకి, గచ్చు మీద పడి, దొర్లుకుంటూ మా ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది. దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

నాకు ముందు భయం రాలేదు, కోపం వచ్చింది. వాళ్ళిద్దరి ముందే నోటికొచ్చినట్టల్లా తిట్టాను. బుద్ధుందా అన్నాను, చదువుకున్నదానివేనా అన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టి, తూటా తీసి కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"దేవుడి దగ్గర ఖాళీగా ఎలా పెడతానండీ? మిమ్మల్ని కాపాడేది కదా."

నేనూ అలాంటి ఇళ్ళలో పెరిగినవాణ్ణే. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెని మేము ఖాళీగా తిరిగి ఇవ్వం, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. పర్సు కొని ఎవరికైనా ఇస్తే అందులో ఒక రూపాయి బిళ్ళ వేసి ఇస్తాం. బియ్యం అయిపోయినా అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. కుంకుమ భరిణె అడుగు కనిపించనివ్వం. అలాంటి మనిషి ముందు నేను పీట వేసి, జాకెట్టుగుడ్డ పరిచి, కడుపు ఖాళీ చేసిన ఆయుధాన్ని పెట్టి వెళ్ళాను. ఆవిడ దానికి ఒకటి పెట్టింది. అన్నిటికీ పెట్టినట్టే.

మా బావమరిది పరవాన్నం ముట్టుకోలేదు. నా వల్ల మా అక్క పోయేది అని రెండుసార్లు అన్నాడు. వెళ్ళేటప్పుడు చొక్కా లాక్కోలేదు. పాపం, వాడి తప్పేముంది. ఖాళీదేనని చెప్పింది నేను. చెప్పే ముందు చూసుకోవాల్సింది కూడా నేనే.

వాళ్ళు వెళ్ళాక కోపం తగ్గి, ఒక సందేహం మొదలైంది. డబ్బాలోంచి తూటా తీసి, మ్యాగజైన్లో సరైన వైపుకి పెట్టి, పిడిలో చప్పుడయ్యేదాకా నెట్టడం ఒకసారి చూస్తే వచ్చే పని కాదు. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. ఆవిడ దాచలేదు. దాచాలని కూడా తనకి తోచలేదు.

"మీరు పట్టుబడికి వెళ్ళినప్పుడల్లా దాన్లో ఒక తూటా పెట్టుకునేదాన్నండీ. మీరు లాగినట్టే లాగి, తలగడ కింద పెట్టుకునేదాన్ని. వస్తే ఇంటికే వస్తారన్నారు కదా."

పొద్దున్న నేను వచ్చేలోగా ఏం చేసేదానివని అడిగాను. మళ్ళీ లాగితే తూటా బయటికి వచ్చేసేది, దాన్ని డబ్బాలో, పిస్టల్ని బీరువాలో పెట్టేసేదాన్ని అంది. అంత భయపడినదానివి ఒక్కటే ఎందుకు పెట్టావని అడిగాను. ఒకటుంటే ఖాళీ కాదు కదండీ అంది.

ఒకటే పెట్టడం వల్ల, పొద్దున్న స్లైడు లాగినప్పుడు అది బయటికి వచ్చి పిస్టల్ నిజంగానే ఖాళీ అయ్యేది. అదే రెండు పెట్టి ఉంటే, లాగినప్పుడు మొదటిది బయటికి వచ్చి, రెండోది ఛాంబరులోకి ఎక్కేది. ఆవిడ ఖాళీ అయిందనుకుని బీరువాలో సర్దేటప్పుడు వేలు ఎక్కడ తగిలేదో ఎవరికి తెలుసు. ఇక రాత్రుళ్ళు, తలగడ కింద, ఎక్కించి ఉన్న పిస్టల్ మీద తల పెట్టుకుని ఆవిడ పక్క మీద ఎటు ఒత్తిగిలేదో. కింద పడితే పేలుతుందా పేలదా అని నేను సాయిబుగారి దగ్గర వాదించిన వస్తువు అది. నేను కొన్న సేఫ్టీల్లో ఏ ఒక్కటీ ఆవిణ్ణి కాపాడలేదు.

"తప్పు చేశానాండీ?" అని అడిగింది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పకపోగా, అవును, ప్రాణం పోయేది, ఇంకెప్పుడూ చెయ్యకు అన్నాను. తప్పంతా ఆవిడ నెత్తిన పెట్టి, నేను పెద్దమనిషినై కూర్చున్నాను. ఆవిడ సాయంత్రం దాకా ముభావంగా తిరిగింది. అన్నం వడ్డిస్తూ రెండుసార్లు క్షమించమంది.

ఆ వారమే పిస్టల్ తీసుకెళ్ళి కొట్లో అప్పగించేశాను. లైసెన్సు కూడా వదులుకుంటానని కాగితం పెట్టాను. సాయిబుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వస్తువులో ఏమన్నా తేడా వచ్చిందా అండీ అని అడిగారు. లేదండీ, దానిలో ఏ లోపమూ లేదు అన్నాను. బజారులో నడుస్తుంటే నడుం తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఏమీ తేలిక కాలేదు.

తర్వాత పట్టుబడి రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక, సాయంత్రం బయలుదేరాలని బట్టలు సర్దుకుంటున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఇప్పుడు అది కూడా ఇంట్లో లేదు కదండీ, ఈ రాత్రికి మా తమ్ముణ్ణి గూడెం నుంచి రమ్మంటాను అంది. చేతిలో ఫోను పట్టుకునే ఉంది. ఆ ముఖంలో నేను మంచినీళ్ళ గ్లాసు నాడు చూసిన భయమే ఉంది, కొంచెం పాతబడి.

ఇక దాచలేకపోయాను. కూర్చోమని చెప్పి, ఎవరూ రారు అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. దెందులూరు దగ్గర ఎవరూ నన్ను అడ్డగించలేదని, వాళ్ళు గుడికి దారి అడిగారని, మిగిలినదంతా నేను కల్పించానని చెప్పాను. ఇల్లు తెలుసని కూడా ఎవరూ అనలేదని చెప్పాను. ఎందుకని అడిగితే బూరె సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆవిడ చేతిలోని ఫోను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరి కోసం మేలుకున్నానండీ?"

ఆవిడ లేచి వెళ్ళి, ఎప్పటిలాగే క్యారియరు సర్ది తెచ్చి, ఆలస్యమైతే లారీ వాళ్ళు విసుక్కుంటారు వెళ్ళండి అంది. తమ్ముడికి ఫోను చెయ్యలేదు.

మర్నాడు లారీ కదలగానే గట్టు మీద నుంచే ఫోను చేశాను. రాత్రి హాయిగా పడుకున్నావా అని అడిగాను. చేపలు బాగా పడ్డాయా అని తను ముందు అడిగింది. పడ్డాయన్నాను. అప్పుడు నేనడిగినదానికి జవాబు చెప్పింది.

"పడుకున్నానండీ, నిద్రే పట్టలేదు. ఎవరూ రారని తెలుసు. అయినా చెవి తలుపు దగ్గరే ఉంటోంది."